నలభైయేడుగురు ముద్దాయిలు

కిందటి వేసవిలో బి.ఏ. చదివే ఒక కుర్రవాడు నాకొక పుస్తకం తెచ్చి ఇచ్చాడు. అట్ట చిరిగి, పది చేతులు మారినట్టుంది. హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ అనే అమెరికా రచయిత కథల సంపుటి. "ఇందులో రాజకీయాలేమీ లేవు మాష్టారూ, ఉత్త భయం. దయచేసి దీంట్లో కూడా వర్గాన్ని వెతక్కండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని ఆ మాటలో కొంత విసుగు కూడా వుంది. ఆ విసుగు మీద నాకు కోపం లేదు. దానికి కావలసినంత కారణం మా తరం మాష్టార్లే కల్పించారు.

పుస్తకం చదవడానికి రెండు రాత్రులు పట్టింది. భయపడ్డానా అంటే పడ్డాను, అబద్ధమెందుకు? అయితే రచయిత భయపెట్టదలచిన చోట కాదు.

దీన్ని గురించి ఇద్దరు మిత్రులతో మాట్లాడాను. ఒకరు మన సంఘంలో ఏళ్ల తరబడి పనిచేసినవారు. "ఆ కుళ్లు సరుకంతా పొయ్యిలో పెట్టక చర్చ ఏమిటండీ?" అన్నారు. రెండోవారు సాహిత్యానికి సాహిత్యమే పరమావధి అనే రకం. "లేని దేవుళ్లు, లేని మతం, లేని ఊళ్లు. లేనివాటితో మీకు తగాదా ఏమిటి?" అన్నారు. నాకు ఈ ఇద్దరితోనూ తగాదా వుంది. మొదటివారు చదవకుండా తీర్పు చెబుతున్నారు. రెండోవారు చదివి కూడా చూడలేదు.

దేవుళ్లు లేనివాళ్లే, ఒప్పుకుంటాను. మరి భక్తులో?

1926లో రాసిన 'ద కాల్ ఆఫ్ కథుల్హూ' కథ 1928 ఫిబ్రవరిలో 'వియర్డ్ టేల్స్' అనే చౌకధర పత్రికలో అచ్చయింది. నక్షత్రాల నుంచి దిగివచ్చిన ఒక మహాకాయుడు సముద్రం అడుగున మునిగిపోయిన నగరంలో చచ్చినట్టు పడి నిద్రపోతూ వుంటాడు. ఆక్టోపస్ తల, పొలుసుల ఒళ్లు, రెక్కలు. లేచిననాడు లోకం సర్వనాశనం. అతన్ని నిద్ర లేపే ఘడియ కోసం కాచుకుని, రహస్యంగా నరబలులిచ్చే మతం ఒకటి భూమి నలుమూలలా వుంది. ఊహగా దీనికి నేను వంక పెట్టను. నిద్రపోయే రాక్షసుణ్ణి లేపడం మనకేమీ కొత్త కాదు. కుంభకర్ణుడి కథ అమ్మమ్మల దగ్గరే విన్నాం. కాని కుంభకర్ణుణ్ణి లేపించింది లంకాధిపతి, తన యుద్ధం కోసం. లంకలోని కూలివాళ్లు కాదు. వాల్మీకికి తెలిసిన ఈ చిన్న సంగతి లవ్‌క్రాఫ్ట్‌కు తెలియలేదు.

ఆయన కథలో లేపేవాళ్లెవరో చూడండి. 1907 నవంబరు 1న న్యూ ఆర్లీన్స్ పోలీసులకు దక్షిణాన వున్న చిత్తడి నేలల నుంచి మొర వస్తుంది, ఆడవాళ్లూ పిల్లలూ మాయమవుతున్నారని. లెగ్రాస్ అనే ఇన్‌స్పెక్టరు ఇరవై మంది పోలీసులతో వెళ్లి, అడవిలో మంట చుట్టూ దిసమొలలతో గంతులేస్తున్న గుంపు మీద పడతాడు. అయిదుగురు చస్తారు. నలభైయేడుగురు చిక్కుతారు. ఎవరు వాళ్లు? ఓడ కళాసీలు, నల్లవాళ్లు, వెస్టిండియన్లు, కేప్ వెర్డీ దీవుల పోర్చుగీసులు, ఏ జాతి అని తేల్చి చెప్పలేని కలగలుపు మనుషులు. ఇదే మతం మరో శాఖ గ్రీన్‌లాండు మంచులో బతికే ఆదివాసుల్లో వుందట. మొత్తం జాబితాలో ఒక్క బ్యాంకరు లేడు. ఒక్క తోట యజమాని లేడు. ప్రొఫెసర్లున్నారు గాని వాళ్లు అటువైపున్నారు, పరిశోధన చేసే వైపు. ఇక విచారణ సంగతి. ఇద్దరికి మాత్రం ఉరికంబం ఎక్కడానికి సరిపడా మతి వున్నదని తేల్చారు, తక్కినవాళ్లను ఏవో సంస్థల పాలు చేశారు. నలభైయేడు మంది బతుకుల మీద తీర్పు ఒక్క వాక్యంలో ముగిసింది. రచయితకు ఆ వాక్యం దగ్గర చెయ్యి వణికిన జాడ లేదు.

కథలో శవాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. మాయమైనవాళ్ల శవాలు మంట చుట్టూ తలకిందులుగా వేలాడుతుంటాయి. కాని వాటిని అక్కడ వేలాడదీసింది ఎవరు? రచయిత. పట్టుకునేదీ ఆయన పోలీసే, సాక్ష్యం పెట్టేదీ ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే. ఇంత వసతి నిజం పోలీసులకు కూడా దొరకదు అనబోయాను. మన దేశపు కేసులు కొన్ని గుర్తొచ్చి ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

శవం లేనిచోట ఆయన పద్ధతి ఇంకా బాగా బయటపడుతుంది. కథ చెప్పే యువకుడి తాతవరస ప్రొఫెసరు ఒకాయన ప్రావిడెన్సు నగరంలో రేవు నుంచి ఇంటికి వస్తూ సందులో కూలిపోయి చనిపోతాడు. తొంభై దాటిన మనిషి. నిటారుగా వున్న ఎత్తు ఎక్కాడు. గుండెలో ఏదో లోపం వుండివుంటుందని డాక్టర్లన్నారు. కాని కూలిపోయే ముందు ఓడ కళాసీలా కనిపించే నల్లవాడొకడు ఆయనకు భుజం తగిలాడు. ఇంతే ఆధారం. కథ చివరకొచ్చేసరికి ఇది హత్య అని కథకుడు నిశ్చయించుకుంటాడు. మనం కూడా నిశ్చయించుకోవాలని రచయిత ఉద్దేశం. చదివేటప్పుడు నేనూ నిశ్చయించుకున్నాను. భయపడ్డానన్నది ఇక్కడే. నేను, ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఒక కూలివాడి భుజాన్ని హత్యాయుధంగా ఒప్పుకున్నాను.

ఇప్పుడు ఆ చిత్తడి నేల సంగతి. న్యూ ఆర్లీన్స్‌కు నైరుతిగా, అదే బాడవ ప్రాంతంలో, థిబడో అనే ఊరు నిజంగా వుంది. చుట్టూ చెరకు తోటలు. లెగ్రాస్ దాడికి సరిగ్గా ఇరవయ్యేళ్ల ముందు, 1887 నవంబరు 1న, అక్కడి చెరకు కూలీలు సుమారు పదివేల మంది పని మానేశారు. ఎక్కువమంది నల్లవాళ్లు, బానిసత్వం రద్దయి అప్పటికి ఇరవై రెండేళ్లే అయింది. 'నైట్స్ ఆఫ్ లేబర్' అనే సంఘం వాళ్ల వెనక వుంది. వాళ్లడిగింది లోకం తలకిందులు కావాలని కాదు. రోజుకు డాలరుంపావు కూలి ఇవ్వండి, పదిహేను రోజులకోసారి ఇవ్వండి, మీ దుకాణంలో తప్ప ఎక్కడా చెల్లని చీటీలు కాక డబ్బు ఇవ్వండి అన్నారు. అది చెరకు నరికే కాలం. నరకడం ఆలస్యమై మంచు పడితే పంట పోతుంది, గానుగ ఆగిపోతుంది. యజమానులకు కోపం వచ్చిందంటే రాదా? గవర్నరు సైన్యాన్ని పంపాడు. తోటల్లో గుడిసెల నుంచి కూలీలను కుటుంబాలతో సహా వెళ్లగొట్టారు. వాళ్లు వచ్చి థిబడోలో తలదాచుకున్నారు. స్వయంగా చెరకు తోటల ఆసామి అయిన బీటీ అనే జడ్జి ఊళ్లో సైనిక శాసనం ప్రకటించాడు. నవంబరు 23 తెల్లవారుజామున ఇద్దరు తెల్ల కాపలాదార్లకు తుపాకి దెబ్బలు తగిలాయి. ఆ తర్వాత కొన్ని గంటలపాటు సాయుధులైన తెల్లవాళ్లు ఇల్లిల్లూ వెతికి, అడవిలోకి తరిమి, నల్లవాళ్లను కాల్చారు. చనిపోయినవాళ్లు ముప్పై మంది అని కొందరి లెక్క, అరవై దాటారని కొందరి లెక్క. శవాలను ఎవరూ సరిగా లెక్కపెట్టలేదు. ఒక్కడికి శిక్ష పడలేదు.

లవ్‌క్రాఫ్ట్ ఈ తేదీ ఎరిగి పెట్టాడని నేననడం లేదు. కాకతాళీయమే కావచ్చు. కాకతాళీయమైతే మరీ ఘోరం. నల్లవాళ్లను నిజంగా వేటాడి చంపిన నేల మీద, ఆ సంగతి తలవంచుకుని చెప్పవలసిన చోట, నల్లవాళ్లు మనుషుల్ని చంపి మంట చుట్టూ ఆడుతున్నారని ఒక రచయిత అనాయాసంగా ఊహించగలిగాడు. ఆ ఊహ ఆయన ఒక్కడి బుర్రలో పుట్టింది కాదు. ఆయనకు అది గాలిలో దొరికింది. మింగే దేవుడు ఆ చిత్తడిలో వున్నమాట నిజం. దానికి రెక్కలూ పొలుసులూ లేవు, గానుగ వుంది. దాని పూజారులు మంట చుట్టూ ఆడలేదు, కోర్టులో కూర్చున్నారు.

ఇది మింగే దేవుడి మాట. ఒళ్లు మార్చే దేవుడు 'ద షాడో ఓవర్ ఇన్స్‌మత్' కథలో వస్తాడు. 1931లో రాశాడు, 1936లో అచ్చయింది. మసాచుసెట్స్ తీరాన ఇన్స్‌మత్ అనే ఊహాజనితమైన రేవు. ఓడలు మునిగి, వర్తకం దెబ్బతిని, ఊరు చితికిపోతుంది. ఓబెడ్ మార్ష్ అనే ఓడ కెప్టెను దక్షిణ సముద్రపు దీవుల నుంచి కొత్త మతం తెస్తాడు. సముద్రంలో వుండే జీవాలకు మనుషుల్ని బలిస్తే అవి చేపలూ బంగారమూ ఇస్తాయి. తర్వాత వియ్యం కూడా అడుగుతాయి. ఆ సంబంధాల్లో పుట్టిన పిల్లలు మొదట మనుషుల్లాగే వుంటారు. వయసు వచ్చేకొద్దీ రెప్పలు పడవు, మెడ ముడతలు తేరుతుంది, తల సన్నబడుతుంది. చివరకు నేల మీద బతకలేక నీళ్లలోకి పోతారు. వాళ్ల మందిరం పేరు డేగన్ మర్మసంఘం.

ఇక్కడ రచయిత తనకు తెలియకుండానే నిజం చెప్పాడు. ఈ మతం ఊళ్లోకి ఎల్లా వచ్చింది? ఆకలి వల్ల. ఎవరు తెచ్చారు? ఓడల యజమాని. వచ్చిన బంగారం ఎవరి కార్ఖానాలో శుద్ధి అవుతుంది? మార్ష్ కుటుంబం కార్ఖానాలో. ఊరి జనానికి దక్కింది చేపలు. బిడ్డల్ని బలిచ్చింది ఊరు, బంగారం కరిగించింది మార్ష్. ఇంత చక్కగా పునాది వేసినవాడు అక్కడే నిలబడి వుంటే గొప్ప కథ అయ్యేది. నిలబడలేదు. రెండు పుటల్లో కార్ఖానాను దాటేసి, మిగిలిన కథంతా ఊరి జనం మొహాలు ఎంత అసహ్యంగా వున్నాయో వర్ణించడంలో గడిపాడు. వాళ్ల వాసన, వాళ్ల నడక, వాళ్ల మాట. అద్దెకొంపల్లో కిక్కిరిసిన వలసకూలీల గురించి ఆ రోజుల్లో పెద్దమనుషులు మాట్లాడే భాష ఇదే. లవ్‌క్రాఫ్ట్ 1924 నుంచి 1926 దాకా బ్రూక్లిన్‌లో ఉద్యోగం దొరక్క నానా అవస్థా పడ్డాడు. ఆ అవస్థకు కారణమైన వ్యవస్థ మీద కాక, పక్కవీధి వలసకూలీల మీద ఆయనకు కసి పుట్టింది. 1925లో రాసిన 'ద హారర్ ఎట్ రెడ్ హుక్' కథనిండా ఆ కసే.

ఇన్స్‌మత్‌కు పట్టిన గతి ఏమిటి? 1927-28 చలికాలంలో ప్రభుత్వం రహస్యంగా దాడి చేసి ఊరివాళ్లను పట్టుకుపోతుంది, ఇళ్లు తగలబెడుతుంది, పేల్చివేస్తుంది. ఖైదీల మీద విచారణ లేదు. నిర్బంధ శిబిరాలకు పంపారన్న వదంతి మాత్రం వుంది. పౌరహక్కుల గురించి గొడవ చేసిన ఉదార సంఘాలవాళ్లను పిలిచి, శిబిరాలు చూపించి, చెవిలో ఏదో చెబుతారు. వాళ్లు నోరు మూసుకుంటారు. విద్యార్థి మిత్రులారా, ఈ ఘట్టం రెండుసార్లు చదవండి. రచయిత దీన్ని సబబైన పనిగానే చెబుతున్నాడు. ఆ మసాచుసెట్స్‌లోనే, ఆ 1927లోనే, ఆగస్టు 23న సాకో, వాంజెట్టీ అనే ఇద్దరు ఇటలీ వలసకూలీలను విద్యుత్కుర్చీలో చంపారు. ఒకడు చెప్పులు కుట్టేవాడు, ఒకడు చేపలమ్మేవాడు. లోకమంతా గోల పెట్టింది. కథలో మాత్రం గోల పెట్టేవాళ్లు చెవిలో చెప్పిన మాటకు సర్దుకుపోయారు. అల్లా సర్దుకుపోవాలని రచయిత ముచ్చటపడ్డాడు.

మనుషుల ఒళ్లు నిజంగా చెక్కిన మతం కూడా ఆ దేశంలో వుండేది. దానికి జాతిశుద్ధి శాస్త్రమని పేరు. 1907లో ఇండియానా రాష్ట్రం తక్కువరకం మనుషులకు పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషను చేసే చట్టం తెచ్చింది. 1927 మేలో 'బక్ వర్సెస్ బెల్' కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇల్లాంటి చట్టం రాజ్యాంగానికి విరుద్ధం కాదని తీర్పు ఇచ్చింది. ఎనిమిదిమంది జడ్జీలు ఒకవైపు, ఒక్కడు ఒకవైపు. ఆపరేషనుకు గురైంది వర్జీనియాలో ఒక పేద యువతి. ఆ దేశంలో అల్లా కోతకు గురైనవాళ్లు మొత్తం అరవైవేలకు పైమాటే. పిచ్చాసుపత్రుల్లోని దిక్కులేనివాళ్లు, నల్లవాళ్లు, ఆదివాసులు, పెళ్లికాని పేద తల్లులు. 1933లో హిట్లరు ప్రభుత్వం తన చట్టం చేసుకునేటప్పుడు అమెరికా నమూనాలు ముందు పెట్టుకుంది. ఈ మతానికి విశ్వవిద్యాలయాల్లో పీఠాలుండేవి, పీనల్ కోడుండేది, డాక్టర్లుండేవారు. చిత్తడి అడవిలో దిసమొలలతో ఆడే అగత్యం దాని భక్తులకు లేదు.

'ఎట్ ద మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్' గురించి నాలుగు మాటలు చెప్పి ఊరుకుంటాను. ఇదీ 1931లో రాసిందే. మనుషులకు ముందు భూమి మీదికి వచ్చిన ప్రాచీనజీవులు ఆకారం లేని మాంసపు ముద్దలను తయారుచేసి పనికి పెడతారు. రాయి మోయాలంటే ఆ ముద్దకు చేతులు మొలవాలి, చూడాలంటే కళ్లు మొలవాలి, యజమాని సంకల్పిస్తే చాలు. సముద్రం కింద నగరాలన్నీ ఆ ముద్దలే కట్టాయి. కొన్ని యుగాలకు వాటికి సొంత బుద్ధి పుట్టి, తిరగబడతాయి. యజమానులు యుద్ధం చేసి అణచివేస్తారు. చివరకు ఆ యజమానుల శవాలు చూసి కథకుడు కరిగిపోతాడు. ఆకారమేదైనా వాళ్లూ మనలాంటి మనుషులేనని బాధపడతాడు. నగరాలు కట్టిన ముద్ద మాత్రం ఆఖరి పుట దాకా అసహ్యమే. మగ్గం గుంటలో నలభయ్యేళ్లు కూర్చున్న నేతగాడి నడుము చూసినవాడికి, బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్లు చూసినవాడికి, పని ఒంటిని ఎల్లా మలుస్తుందో ఎవరూ కథ కట్టి చెప్పనక్కరలేదు. ఆ ఒంటిని చూసి ఎవరికి రోత పుడుతుందన్నదే అడగవలసిన మాట.

ఆయన మీద నాకు జాలి కూడా వుంది. 1930 తర్వాత ఆర్థిక సంక్షోభం చూసి కొంత మారాడు. రూజ్‌వెల్టు సంస్కరణలను సమర్థించాడు, ఒక రకమైన సోషలిజం అవసరమని ఉత్తరాల్లో రాశాడు. తిండి ఖర్చు తగ్గించుకుని తగ్గించుకుని, 1937 మార్చిలో పేగు కాన్సరుతో నలభయ్యారేళ్లకే చనిపోయాడు. పత్రికలు ఆయనకు విదిల్చింది మాటకింత అని లెక్కగట్టిన చిల్లర. అర్ధాకలితో పోయిన ఈ మనిషి జీవితమంతా ఆకలిగొన్నవాళ్లనే రాక్షసులుగా చిత్రించాడు.

కాబట్టి పొయ్యిలో పెట్టమనే మిత్రుడితో నేను ఏకీభవించను. రెడ్ హుక్ కథనే 2016లో విక్టర్ లవాల్ అనే నల్లజాతి రచయిత, హార్లెమ్ నల్లవాడి వైపు నుంచి తిరగరాశాడు. పుస్తకం పేరు 'ద బ్యాలడ్ ఆఫ్ బ్లాక్ టామ్'. కాల్చినవాళ్లెవరూ ఆ పని చేయలేరు, చదివినవాడు చేశాడు.

ఇవన్నీ అమెరికా గొడవలు, మనకెందుకు అనే మూడోవారు కూడా వుంటారు. తెలంగాణ పల్లెల్లో బాణామతి అని, ఏజెన్సీలో చిల్లంగి అని పేరు పెట్టి ఎందరిని కొట్టి చంపారో, కాల్చారో పత్రికలు చదివేవాళ్లకు తెలుసు. ఆ ఊళ్లలోకి మన వారపత్రికల క్షుద్ర సీరియళ్లు కూడా వెళ్లాయి. నా చిన్నతనంలో మా ఊళ్లో ఒక ఏడు వానలకు చెరువునీళ్లు కలుషితమై, వాంతులూ భేదులతో ముగ్గురు పిల్లలు పోయారు. వాడలో ఒక ముసలాయన వాళ్లను మింగాడన్నారు. మింగాడన్న మాటే అన్నారు. మంత్రం నోట పలకకుండా ఆయన పళ్లు ఊడగొట్టారు. ఆ పొద్దు నేను మా నాయన వెనక నిలబడి చూశాను. తర్వాత చాలాకాలం బతికాడు. జావ తప్ప ఏమీ తినలేకపోయేవాడు. కుంట కింద ఆయనకున్న ఇరవై గుంటల మడి ఆ మరుసటి ఏడు ఎవరి పట్టాలోకి పోయిందో ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. మా నాయన కూడా అనలేదు.

పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఆ కుర్రవాడితో ఇదంతా చెప్పలేదు. థిబడో సంగతి మాత్రం చెప్పి, లెగ్రాస్ కథ మళ్లీ ఒకసారి చదవమన్నాను. వారం పోయాక కాలేజీ మెట్ల దగ్గర కలిశాడు. ఈసారి నవ్వలేదు.

"ఇద్దర్ని ఉరి తీశారు సరే మాష్టారూ, మిగతా నలభై అయిదుగురు ఏమయ్యారు? వాళ్ల పేర్లేమిటి?"

"కథలో లేదు" అన్నాను.

"అదే, లేదు" అన్నాడు. సంచీలోంచి నోటుపుస్తకం తీసి చూపించాడు. మొదటి పుట పైన 1 అని అంకె వేసి, పక్కన ఒక పేరు రాసి వుంది.